ఎఱ్ఱదీపము

విశ్రాంతి జీవనమున ఒక్కొక్కరికి ఒక్కొక్క వ్యాపకము. నాకు బొమ్మరైలు దొరకినది. వ్యాకరణము బోధించిన చేతులకు విద్యుత్తీగలతో పనియేమని మిత్రులు నవ్వుదురు. కాని సూత్రము తప్పినచో ఫలము తప్పుట రెండింటను ఒక్కటియే.

మా మేడగదిలో ఒక బల్లపై కొయ్య స్లీపర్లు పఱచి, ఇనుప పట్టాలు బిగించి, కీ యిచ్చిన నడచు రేకుబండిని వానిపై నడపుచుంటిని. అన్నియు అమరినవి గాని సిగ్నలు లేదు. ఎనిమిదవ తరగతి చదువుచున్న మనుమడును నేనును దానిని కట్టుటకు పూనుకొంటిమి.

మనుమడొక సులభోపాయము చెప్పెను: "తాతయ్యా! బండి చక్రములును ఇరుసులును ఇనుపవే కదా. ఒక పట్టాకు బ్యాటరీ తీగను, రెండవ పట్టాకు ఎఱ్ఱబల్బు తీగను కలిపిన చాలును. బండి రాగానే ఇరుసు రెండు పట్టాలను కలుపును, బల్బు వెలుగును." అట్లే చేసితిమి. దీపము వెలిగెను. వాని ఆనందమునకు మేర లేదు.

అప్పుడు నేను తీగ నొకదానిని మెల్లగా ఊడదీసితిని. బండి పట్టాలపై నిలిచియే యున్నది. దీపము మాత్రము ఆరిపోయినది. "ఇపుడు వెనుకనుండి మఱియొక బండి వచ్చినచో?" అని అడిగితిని. వాడు మాటాడలేదు.

మఱునాడు పని తిరుగదోడితిమి. పట్టాల అతుకులలో అట్టముక్కలుంచి, ఒక భాగమును తక్కిన మార్గమునుండి వేఱుచేసితిమి. ఆ భాగమునకు ఒక కొనయందు బ్యాటరీని, రెండవ కొనయందు రిలేను కలిపితిమి. రిలే యనగా ఒక తీగచుట్టయు, దానిచే ఆకర్షింపబడు చిన్న యినుపరేకును. తీగచుట్టలో విద్యుత్తు ప్రవహించునంతకాలము రేకు లాగబడి పచ్చదీపమును వెలిగించును. ప్రవాహము నిలిచినంతనే స్ప్రింగు రేకును వెనుకకు లాగును; ఎఱ్ఱదీపము వెలుగును. బండి వచ్చినపుడు విద్యుత్తు రిలే వఱకు పోక, ఇరుసు గుండ దగ్గఱదారిని మరలిపోవును. అట్టివేళ బ్యాటరీ వేడెక్కకుండ దాని తీగలో ఒక నిరోధకమును చేర్చితిమి. దీపములకు వేఱొక బ్యాటరీ నుంచితిమి.

ఈసారి మనుమడే పరీక్షాధికారి. పట్టాల తీగ ఊడదీసెను, ఎఱ్ఱదీపము. బ్యాటరీ తీసివైచెను, ఎఱ్ఱదీపము. పట్టా విఱిగినట్లు నడుమ అతుకు విడదీసెను, అప్పుడును ఎఱ్ఱదీపమే. "ఏది చెడినను ఆగుమనియే చెప్పుచున్నదే!" అని ఆశ్చర్యపడి, "దీపముల తీగయే తెగినచో, తాతయ్యా?" అని అడిగెను. మంచి ప్రశ్న. దానికి రైల్వే నియమమే సమాధానము. వెలుగవలసిన సిగ్నలు వెలుగకున్నచో, డ్రైవరు దానిని ఆగుమను ఆజ్ఞగానే గ్రహింపవలెను.

ఈ యుపాయము మా కల్పన కాదు. అమెరికా దేశీయుడగు విలియం రాబిన్సన్ 1872లో దీనికి పేటెంటు పొందెను. ట్రాక్ సర్క్యూట్ అను పేర ఇది నేటికిని రైలుమార్గములను కాపాడుచున్నది.

ఇట్టి జాగ్రత్త ఊరక రాలేదు. ఆ దినములలో ఇంగ్లండునందు కొన్ని మార్గములపై సిగ్నలు చేయి సాధారణముగా "పొమ్ము" అను స్థితియందే యుండెడిది. 1876 జనవరి 21వ తేదీన అబ్బట్స్ రిప్టన్ వద్ద మంచు పేరుకొని సిగ్నలు చేతులు ఆ స్థితియందే బిగిసికొనిపోయెను. సిగ్నలు పనివాడు ఆపుటకు మీట త్రిప్పినను చేయి కదలలేదు. వేగముగా వచ్చిన ఎక్స్‌ప్రెస్ బొగ్గుబండిని ఢీకొనెను; ఆ శిథిలములపైకి ఎదురుదారిని వచ్చిన మఱియొక ఎక్స్‌ప్రెస్ దూసికొనివచ్చెను. పదిమందికి పైగా మరణించిరి. పిమ్మట అచట సిగ్నలు సహజస్థితి "ఆగుము" అని మార్చబడెను.

మార్గమధ్యమున రైలు ఆగినపుడు మనము విసుగుకొందుము. ఆలస్యమును తరువాత పూరింపవచ్చును. పోయిన ప్రాణమును తేలేము.

బాలబాలికలారా! మీరును ఏ యంత్రమునైనను కట్టినపుడు అది పనిచేయుట చూచి తృప్తిపడకుడు. ఒక తీగ ఊడదీసి, చెడినవేళ అది ఏమి చేయునో కూడ చూడుడు.