గోదారి ఒడ్డున సీసం పొయ్యి

భద్రాచలం వెళ్లొచ్చినవాళ్ల ఫోన్‌లో రాముడి గుడి ఉంటుంది, పర్ణశాల ఉంటుంది. నా ఫోన్‌లో మాత్రం ఓ కట్టెల పొయ్యి ఫొటో మిగిలింది.

ఫిబ్రవరిలో ఓ శనివారం పొద్దున్నే ఖమ్మంలో బైక్ తీశా. తల్లాడ, ఏన్కూరు దాకా రోడ్డు పక్కన ఎర్రటి మిర్చి కల్లాలే. జూలూరుపాడు దాటాక అడవి గాలి తగిలింది. కొత్తగూడెంలో బొగ్గు లారీలు, పాల్వంచలో కరెంటు ఫ్యాక్టరీ పొగగొట్టాలు, ఆ తర్వాత ఆకు రాల్చిన టేకు చెట్లు. సారపాకలో కాగితం మిల్లు దాటి వంతెన ఎక్కితే కింద గోదారి. నీళ్ల కన్నా ఇసుకే ఎక్కువ కనపడింది.

ఇంజినీరింగ్‌లో నా రూమ్మేట్‌ది ఆ ఒడ్డునే చిన్న ఊరు. వాళ్ల నాన్న చేపలు పడతాడు. నేను వెళ్లేసరికి వాకిట్లో పొయ్యి మీద పాత ఇనప మూకుడు పెట్టి సీసం కరిగిస్తున్నాడు. విసురు వల అంచుకి కట్టే గుండ్లు పోస్తున్నాడన్నమాట. పాత సామాన్ల కొట్లో కిలోల లెక్కన తెచ్చిన బ్యాటరీ పలకలు పక్కనే కుప్పగా ఉన్నాయి. సీసం 327 డిగ్రీలకే కరుగుతుంది, కట్టెల మంట చాలు. ఇనుము కన్నా దాదాపు ఒకటిన్నర రెట్లు బరువు. చిన్న గుండే వలని గబుక్కున అడుక్కి లాగేస్తుంది. అందుకే అందరికీ అదే కావాలి.

పైన తేలిన బూడిద రంగు తెట్టుని బాబాయ్ గరిటెతో తీసి పక్కన పారబోస్తున్నాడు. ఆ మట్టిలోనే మూడేళ్ల మనవరాలు కూర్చుని చల్లారిన ముక్కలు ఏరుకుంటోంది.

"బాబాయ్, పాపని లోపలికి పంపరాదూ? సీసం మంచిది కాదు" అన్నాను.

"ఏం కాదులే అబ్బాయ్. గుండ్లకి రంగేస్తన్నాం కదా, చేతికంటదు" అన్నాడు.

సరిగ్గా ఇదే మాట అంతకు నెల ముందు విన్నా. మా టీమ్‌లో టెక్సాస్ నుంచి పనిచేసే అతనికి తుపాకీ కాల్చడం సరదా. సీసం తూటాలు ఇంట్లోనే పోత పోసి, పౌడర్ కోటింగ్ వేసి ఓవెన్లో కాలుస్తాడు. మన అల్యూమినియం కిటికీలకి వేసే పూత లాంటిదే. పూత ఉంది కాబట్టి సీసం బయటికి రాదనుకున్నాడు. కొన్నాళ్లకి సైలెన్సర్ తూకం వేస్తే బరువు పెరిగింది. లోపలి గదుల గోడలకి సీసం, మసి పేరుకుపోయాయి. తూటా గొట్టంలో రాసుకుంటూ పోయేటప్పుడు పూత గీసుకుపోవచ్చు, వేడి వాయువు దాన్ని దెబ్బతీయొచ్చు. పైగా మందుని అంటించే ప్రైమర్లోనే మామూలుగా సీసం సమ్మేళనం ఉంటుంది, దానికి పూత లేదు. వెనిగర్, హైడ్రోజన్ పెరాక్సైడ్ కలిపి కడిగితే ఆ సీసం నీళ్లలో కరిగే విషంగా మారింది. ఇప్పుడు ఆ నీళ్లు ఎక్కడ పోయాలో తెలియక పట్టుకు కూర్చున్నాడు. మన దగ్గర ఆ సరదాకి చోటు లేదు. 1959 ఆయుధాల చట్టం సైలెన్సర్ని కూడా తుపాకీ లెక్కలోనే వేసింది.

తూటా వేరు, వల గుండు వేరు. సీసం మాత్రం ఒకటే. రంగు వేసేది గుండుకి. తెట్టుకి, బ్యాటరీ పలకల పొడికి, వాకిట్లో మట్టికి ఎవరూ వెయ్యరు. సీసం కుళ్లదు, ఆవిరై పోదు. ఏ ఏటి తెట్టు ఆ ఏడు అక్కడే పేరుకుంటుంది.

పిల్లల చెయ్యి మట్టిలోంచి నోట్లోకి పోతుంది. మింగిన సీసాన్ని పెద్దవాళ్ల కన్నా పిల్లల ఒళ్లు నాలుగైదు రెట్లు ఎక్కువ పీల్చుకుంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఇంత వరకు పర్లేదు అనే మోతాదు ఏదీ లేదని కూడా. జ్వరం రాదు, దద్దుర్లు రావు. బుర్ర మీద, చదువు మీద దెబ్బ పడుతుంది. రక్త పరీక్ష చేస్తేనే బయటపడుతుంది. మన దేశంలో పెట్రోల్లో సీసం 2000లో ఆగింది. ఇంటి రంగుల్లో 90 పీపీఎం మించకూడదన్న నిబంధన 2017లో అమల్లోకొచ్చింది. బ్రిటన్ అయితే హంసలు చచ్చిపోతున్నాయని 1987లోనే గాలాలకి కట్టే చిన్న సీసం గుండ్ల అమ్మకం ఆపేసింది.

ఇదంతా బాబాయ్‌కి ఉపన్యాసంలా చెప్పలేదు. ఆయనకది పొట్టకూడు. కొన్న గుండ్లు ఖరీదు. ఒక్కటే అడిగా, "ఆ తెట్టు ఎప్పట్నుంచి ఇక్కడే పోస్తున్నారు?"

ఆయన లెక్కేశాడు. "మావోడు పుట్టకముందు నించి." చెప్పి, మట్టి వైపు కాసేపు చూశాడు.

అరుగు మీద నాయనమ్మ అందుకుంది. "మా మావ కాలంలో కాల్చిన మట్టి గుండ్లే కట్టేవోళ్లు. పగిల్తే మళ్లీ చేసుకునేటోళ్లం."

సాయంత్రానికి పొయ్యి ఇంటికి దూరంగా, పిల్లలు పోని చోటికి మారింది. తెట్టుకి మూతున్న రేకు డబ్బా వచ్చింది. బాబాయ్ చొక్కా విడిచి, సబ్బుతో చేతులు కడుక్కుని అన్నానికి కూర్చున్నాడు. వాకిట్లో పైమట్టి తీసి దూరంగా గొయ్యిలో పూడ్చాలని, పాపకి రక్త పరీక్ష చేయించాలని అనుకున్నాం. సీసం మానేస్తానని మాత్రం ఆయన అనలేదు. నేనూ అడగలేదు.

పోయిన వారం ఫోన్ చేసి ముందు పాప పరీక్ష సంగతే అడిగా. నమూనా ఇచ్చారట, రిపోర్టు ఇంకా రాలేదు.