ఉదయగిరి కొండ - బొద్దింకల పెట్టె

పిల్లలూ! మీ ఇంటికి ఒక చుట్టం వచ్చి, కాళ్ళు కడుక్కొని, మంచినీళ్ళు తాగి, "మీ ఇంట్లో బొద్దింకలు ఎక్కడుంటాయి?" అని అడిగితే మీరేమనుకుంటారు?

పోయిన ఏడాది ఆషాఢమాసంలో మా మనవడు ఇదే ప్రశ్న అడిగాడు. వాడికి పదకొండేళ్ళు. అమెరికాలో డాలస్ నగరం దగ్గర ఉంటాడు. ఆత్మకూరులో మా ఇంటికి వచ్చి గంటయినా కాలేదు. వాళ్ళ అవ్వ చీపురు చేతబట్టుకొని, "ఛీ! మా ఇంట్లో అట్లాంటివి లేవు నాయనా!" అన్నది.

ఆ రాత్రే దొడ్లో తూము దగ్గర ఒకటి బయటికి వచ్చింది. వాడు దాని ముందు గొంతుక్కూర్చొని, "తాతా! ఇది అమెరికన్ బొద్దింక," అన్నాడు.

"అయితే మీరిద్దరూ ఒకే విమానంలో వచ్చారా?" అని నేను నవ్వాను. తరువాత పుస్తకం తీసి చూస్తే వాడన్నదే నిజం. మన వంటిళ్ళలో తిరిగే పెద్ద గోధుమరంగు బొద్దింకకు శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు అమెరికన్ బొద్దింక. కాని దాని పుట్టిల్లు ఆఫ్రికా. మనుషుల ఓడలెక్కి అది లోకమంతా తిరిగింది.

బొద్దింకలంటే వాడికి ఎందుకింత ఆసక్తి? వాడి ఇంట్లో ఒక గడ్డపుబల్లి ఉన్నది. అది ఆస్ట్రేలియా జాతి. చూడటానికి మన తొండకు దగ్గర చుట్టంలాగా ఉంటుంది. కోపం వస్తే గొంతుకింద ముళ్ళ చర్మాన్ని ఉబ్బించి నల్లగా చేసుకొంటుంది. దానికి ఆకుకూరలతోపాటు పురుగులు కూడా కావాలి. ఆ పురుగులను మా మనవడే పెంచుతాడు. ఎట్లాగో వాడే నాకు పాఠం చెప్పాడు. జీవితమంతా పాఠాలు చెప్పినవాణ్ణి, అరుగుమీద కూర్చొని బుద్ధిగా విన్నాను.

వాడు పెంచేవి దుబియా అనే దక్షిణ అమెరికా బొద్దింకలు. నున్నటి గోడలున్న ప్లాస్టిక్ పెట్టెలో కోడిగుడ్ల అట్టలు నిలువుగా పేరుస్తాడు. అవే వాటికి ఇళ్ళు. దుబియాలు నున్నటి గోడ ఎక్కలేవు. మగదానికి పొడుగాటి రెక్కలుంటాయి. ఆడదానికి రెక్కలు మొలకలుగానే మిగిలిపోతాయి. ఆడది గుడ్ల సంచిని తన కడుపులోనే దాచుకొని, ఒక్కో కాన్పులో ఇరవై ముప్ఫై పిల్లలను కంటుంది. పుట్టిన పిల్లలు తెల్లగా ఉండి, కొన్ని గంటల్లో రంగు తేలుతాయి. పెద్దవి కావటానికి నాలుగైదు నెలలు పడుతుంది. పెట్టెలో వేడి సుమారు 30 డిగ్రీలుంటేనే అవి బాగా పెరుగుతాయి. చలి తగిలితే పిల్లలు పెట్టవు.

"మేత ఏం పెడతావురా?" అని అడిగాను.

"తవుడు, కారట్ ముక్కలు, నారింజ ముక్కలు. గిన్నెలో నీళ్ళు పెట్టకూడదు తాతా, చిన్నపిల్లలు పడి చచ్చిపోతాయి. బల్లికి పెట్టేముందు పురుగుమీద సున్నపుధాతువు పొడి చల్లాలి. లేకపోతే బల్లి ఎముకలు మెత్తబడిపోతాయి. బల్లి రెండు కళ్ళ మధ్య ఎంత ఎడం ఉంటుందో, పురుగు అంతకంటె పెద్దది కాకూడదు. పెట్టె శుభ్రం చేసేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకోవాలి. ఆ దుమ్ము పడనివాళ్ళకు ఆయాసం వస్తుంది."

"ఇంత శ్రమ ఎందుకు? మన తూము దగ్గర ఊరికే తిరుగుతున్నాయిగా?" అన్నాను.

"అవి ఏం తిన్నాయో మనకు తెలియదు కదా తాతా!" అన్నాడు వాడు.

ఆ మాట వినగానే నాకు పాత సంగతి ఒకటి గుర్తుకు వచ్చి, నోట మాట రాలేదు. ఆ సంగతి వాడికి కొండమీద చెప్పాను. మీకూ అక్కడే చెబుతాను.

మర్నాడు మేమిద్దరం ఉదయగిరికి బయలుదేరాము. ఆత్మకూరు, ఉదయగిరి రెండూ నెల్లూరు జిల్లా పడమటి భాగంలో ఉన్నాయి. ఇది మెట్ట ప్రాంతం. ఆత్మకూరుకు దగ్గరలో పెన్నానదిమీద సోమశిల ఆనకట్ట ఉండటంవల్ల ఆ చుట్టుపక్కల కొంత పచ్చదనం కనబడుతుంది. బస్సు ముందుకు సాగినకొద్దీ వరిమళ్ళు తగ్గి, ఎర్రనేల, తుమ్మచెట్లు, రేగుకంపలు, మేకల మందలు వచ్చాయి. కొంతసేపటికి పడమట నీలంగా వెలిగొండలు కనిపించాయి. తూర్పు కనుమలలో ఇవి ఒక వరుస. వీటికి అవతల కడప జిల్లా.

ఉదయగిరి కొండ దాదాపు 3,000 అడుగుల ఎత్తు. కొండంతా కోటగోడలు, బురుజులు, పాడుబడిన గుళ్ళు, మసీదులు. ఒకప్పుడు ఈ కోట గజపతుల చేతిలో ఉండేది. శ్రీకృష్ణదేవరాయలు చాలాకాలం ముట్టడించి, 1514లో దీన్ని పట్టుకొన్నాడు. ఇక్కడి బాలకృష్ణుని విగ్రహాన్ని హంపీకి తీసుకొనిపోయి, అక్కడ దానికోసం పెద్ద గుడి కట్టించాడు.

ఉదయగిరికి ఇప్పుడు ఇంకొక పేరు కూడా ఉన్నది. ఇక్కడివాళ్ళు అడవిలో దొరికే నర్ది, బిక్కి వంటి కర్రతో గరిటెలు, చెంచాలు, దువ్వెనలు చెక్కుతారు. పిడులమీద చిన్న చిన్న నగిషీలు దిద్దుతారు. ఈ పనితనానికి 2015లో భౌగోళిక గుర్తింపు లభించింది. మా మనవడు పొడుగు పిడి ఉన్న గరిటె ఒకటి కొనుక్కొన్నాడు. వాళ్ళ అమ్మకోసమని నేననుకొన్నాను.

ముందురోజు వాన పడింది. కొండమొదట నేల ఇంకా తడిగా ఉన్నది. మేకలు కాచుకొనే పెద్దమనిషి ఒకడు చెట్టునీడన కూర్చొని ఉన్నాడు. మమ్మల్ని చూసి లేచి, "యాడికి అయ్యవారూ, కోటకా?" అన్నాడు.

"పురుగులు చూద్దామని వచ్చామన్నా," అన్నాను.

అతను నవ్వకుండా, ఒక పొదవైపు చెయ్యి చూపించాడు. "ఆ ఆకులకింద చూడండి. చేతులు మాత్రం పెట్టొద్దు. తేళ్ళుంటాయి."

అప్పుడు తెలిసింది మావాడు గరిటె ఎందుకు కొన్నాడో! పొడుగు గరిటెతో ఎండుటాకులను మెల్లగా ఒక పక్కకు తీశాడు. మొదట చీమలు, తరువాత రోకలిబండ ఒకటి వచ్చాయి. ఇంకా కొంచెం తీసేసరికి, నల్లగా నిగనిగలాడుతూ, వీపుమీద ఏడు తెల్లటి చుక్కలున్న పురుగు ఒకటి బయటపడింది. బొటనవేలి గోటికంటె కొంచెం పెద్దది.

"పెంకుపురుగు," అన్నాను నేను.

"కాదు తాతా! డామినో బొద్దింక!" అని వాడు ఎగిరి గంతేశాడు.

పిల్లలూ, ఇది మన దక్షిణ భారతదేశపు బొద్దింక. చిట్టడవులలో ఎండుటాకులకింద ఉంటుంది. దీని పిల్లలు ఆకులకింది మట్టిలోకి దూరి, అక్కడే పెరుగుతాయి. మన అడవుల్లో ఆరుచుక్కల పెంకుపురుగు ఒకటి ఉన్నది. దాన్ని ముట్టుకొంటే మండే రసం చిమ్ముతుంది. దానిలాగా కనబడితే పక్షులు తన జోలికి రావని ఈ బొద్దింక ఆ వేషం వేసుకొన్నదని శాస్త్రజ్ఞుల ఊహ. ప్రపంచంలో 4,600కు పైగా బొద్దింక జాతులున్నాయి. వాటిలో మనుషుల ఇళ్ళలో చేరేవి ముప్ఫై మాత్రమే. మిగిలినవాటిలో చాలావరకు అడవుల్లో రాలిన ఆకులను, పుచ్చిన కర్రను తిని, వాటిని మట్టిగా మారుస్తాయి. ఆ మట్టిలో మొక్కలు మొలుస్తాయి. బొద్దింకలను తొండలు, నలికిరులు, పక్షులు, సాలీళ్ళు తింటాయి. బడిలో ముప్ఫై ఏళ్ళు "బొద్దింక హానికరమైన కీటకం" అని ఒక్క ముక్కలో చెప్పి ముగించినవాణ్ణి నేను. ముప్ఫై జాతులు చేసిన తప్పుకు నాలుగువేల జాతులకు శిక్ష వేశాను!

మావాడు జేబులోనుంచి చిన్న డబ్బా తీశాడు. "తాతా, దీన్ని తీసుకొనిపోదాం. మా ఊళ్ళో వీటిని పెట్టెల్లో పెంచేవాళ్ళున్నారు."

అప్పుడు వాణ్ణి రాతిమీద కూర్చోబెట్టి, నా పాత సంగతి చెప్పాను.

నేను కొత్తగా ఉపాధ్యాయుణ్ణి అయిన రోజులవి. పిల్లలకు చూపిద్దామని ఒక తొండను పట్టి, వలబిగించిన పెట్టెలో పెట్టాను. పిల్లలు పోటీలుపడి దానికి పురుగులు తెచ్చేవాళ్ళు. ఒకరోజు ఒక కుర్రవాడు వంటింటినుంచి పొట్లంలో నాలుగు బొద్దింకలు తెచ్చాడు. తొండ వాటిని ఆత్రంగా తిన్నది. మర్నాటికి దాని కాళ్ళు వణకటం మొదలుపెట్టాయి. ఆ మరుసటి రోజు చచ్చిపోయింది. విచారిస్తే, ఆ వంటింట్లో అంతకుముందు రోజే గమాక్సిన్ పొడి చల్లారని తెలిసింది. ఆ మందును మన దేశంలో 1997లో నిషేధించారు. కాని ఆ రోజుల్లో ఇంటింటా చల్లేవాళ్ళు.

"పిల్లలకు ఏమని చెప్పావు తాతా?"

"దానికి ఆయువు తీరిందని చెప్పాను."

వాడు నావైపు తేరిపార చూశాడు. "అది అబద్ధం కదా!"

"అబద్ధమే నాయనా. తెలియక పెట్టిన మేత ఒక తప్పు. తెలిసి చెప్పిన మాట రెండో తప్పు. పురుగులు తెచ్చిన ఆ కుర్రవాడి ముందు నా తప్పు ఒప్పుకోవటానికి సిగ్గుపడ్డాను. కొండమీద ఉన్నంతకాలం ఆ తొండ తన మేత తానే వెతుక్కొన్నది. పెట్టెలో పెట్టిన క్షణంనుంచి దాని మేత, నీళ్ళు, వేడి, ప్రాణం అన్నీ నా బాధ్యత. ఆ సంగతి నేను తెలుసుకోలేదు. నువ్వు తెలుసుకొన్నావు. అందుకే నీ పెట్టెను నేను తప్పుపట్టను."

వాడు కొంచెంసేపు ఆలోచించి, "మా స్నేహితుడి అన్న దగ్గర నీలం టరంటులా సాలీడు ఉన్నది. అది ఆంధ్రప్రదేశ్ నుంచే వచ్చిందట," అన్నాడు.

ఆ కథ వినదగ్గది. అనంతపురం జిల్లా గుత్తి రైల్వే కలప యార్డులో దొరికిన నీలం సాలీడును 1899లో పోకాక్ అనే ఆంగ్లేయ శాస్త్రజ్ఞుడు వర్ణించాడు. అది కలపతోపాటు రైలెక్కి వచ్చి ఉంటుందని అంటారు. తరువాత 102 ఏళ్ళపాటు అడవిలో దాని జాడ దొరకలేదు. 2001లో నంద్యాల, గిద్దలూరుల నడుమ ఉన్న అడవిలో మళ్ళీ కనబడింది. పాత చెట్ల తొర్రలే దాని ఇళ్ళు. అది బతికే అడవి 100 చదరపు కిలోమీటర్లు కూడా ఉండదు. చెట్లు నరకటం ఒక ఆపద. అందంగా ఉన్నదని పట్టుకొనిపోయి అమ్మటం రెండో ఆపద. 2008లో దాన్ని అంతరించే ప్రమాదం అతి తీవ్రంగా ఉన్న జీవుల జాబితాలో చేర్చారు. 2019లో ఆ జాతి సాలీళ్ళ వ్యాపారంమీద ప్రపంచ దేశాలు ఆంక్షలు పెట్టాయి. ఇప్పుడు విదేశాల ఇళ్ళలో బొద్దింకలు తింటూ బతుకుతున్న నీలం సాలీళ్ళు చాలావరకు అక్కడే పుట్టినవి. కాని వాటి తాతలు మన కొండలలోనుంచి వెళ్ళినవే.

మావాడు చేతిలోని డబ్బాను అటూఇటూ తిప్పాడు. "మరి నా దుబియాలను ఇక్కడికి తెచ్చి వదిలితే?"

"అదీ తప్పే. మీ ఊళ్ళో వాటికి పెట్టెలో వేడి పెట్టాలి. మన మెట్టలో ఏడాది పొడుగునా వేడే!" అన్నాను. ఇది ఉత్త భయం కాదు. ఇట్లాగే మేతకు అమ్మే తుర్కిస్తాన్ బొద్దింక 1978లో అమెరికాలోని కాలిఫోర్నియాలో కనబడి, ఇప్పుడు చాలాచోట్ల స్థిరపడిపోయింది.

వాడు ఇంకేమీ అడగలేదు. డబ్బా జేబులో పెట్టుకొన్నాడు. ఏడు చుక్కల బొద్దింక ఆకుల అంచున ఒక్క క్షణం ఆగి, లోపలికి దూరింది. వాడు పక్కకు తీసిన ఆకులను గరిటెతో మళ్ళీ యథాస్థానంలో కప్పాడు. మేకలు కాచుకొనే పెద్దమనిషి అంతా చూస్తూ కూర్చొని, "మంచి పిల్లోడు అయ్యవారూ," అన్నాడు.

తిరుగు బస్సులో వాడు డాలస్‌కు ఫోను చేయించుకొని, వాళ్ళ నాన్నను రెండే ప్రశ్నలు అడిగాడు. "బల్లికి ఆకులు పెట్టారా? పెట్టెలో కారట్ ఉన్నదా?" ఆ పెట్టెలో వందల ప్రాణులు వాడిమీద ఆధారపడి ఉన్నాయి మరి!

పిల్లలూ! ఉడుమును, నక్షత్ర తాబేలును, ఊసరవెల్లిని పట్టి ఇంట్లో ఉంచుకోవటం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. వాటిని ఉన్నచోటనే చూడండి. ఈ వానాకాలంలో మీ బడి తోటలో, పెద్దలు దగ్గరుండగా, ఒక పొడుగు కర్రతో ఎండుటాకులను తొలగించండి. కింద ఎన్ని రకాల పురుగులున్నాయో లెక్కపెట్టి, పుస్తకంలో రాసుకోండి. తరువాత ఆకులను మళ్ళీ కప్పి, చేతులు కడుక్కోండి. కప్పటం మాత్రం మరచిపోకండి. ఆ ఆకులకింద ఎవరిదో ఇల్లు ఉన్నది.