బాతులు దిగు చెరువు

మార్గశిర మాసపు ఉదయమున ఓరుగల్లు సీమలోని పెద్ద చెరువు కట్టమీద నిలిచి చూచినచో, మంచుతెర వెనుక నీటి నడుమ నల్లని చుక్కలు కదలాడుచు కనబడును. ఎండ పొడిచినకొలది ఆ చుక్కలకు మెడలును, ముక్కులును, రెక్కలును ఏర్పడును. అవి అడవి బాతులు. ముక్కుకొన పసుపుపచ్చగా నుండు మచ్చముక్కు బాతు, ఎగురునపుడు ఈల వేయు ఈలబాతు ఏడాది పొడవున ఈ దేశముననే ఉండును. సూదితోక బాతు మున్నగునవి మధ్య ఆసియానుండియు, సైబీరియానుండియు వచ్చి, ఎండలు ముదురకముందే మరలిపోవును. అంతదూరము ఎగిరి వచ్చిన అతిథి కోరునది కొంచెము నీరు, ఆ నీటిలో కొంచెము మేత, మనుష్యుడు విసరు రాయి తగులనంత దూరము. ఇంతే.

అట్టి చెరువు ఒకయేడు చిక్కని పచ్చరంగునకు తిరుగును. నీటిమీద మీగడవలె పాచి కట్టును. కట్టమీదికి వాహ్యాళికి వచ్చినవారు ముక్కు మూసికొని, “ఈ బాతుల రెట్టవలననే చెరువు చెడినది” అందురు. చిన్న కుంటలో పక్షులు కిక్కిరిసియున్నచో ఆ మాట కొంత నిజమే. రెట్టలో నత్రజనియు, భాస్వరమును కలవు. అవి పాచికి ఎరువు. కాని పెద్ద చెరువులోని బాతు చాలవరకు ఆ చెరువులోనే తిని, దానికే తిరిగి యిచ్చును. కుడిచేతి సొమ్ము ఎడమచేతికి మారినట్లే గాని, కొత్తగా చేరినదేమియు లేదు. ఇండ్ల మురుగు, పొలములందు చల్లిన డి.ఏ.పి. ఎరువు వెలుపలినుండి వచ్చునవి. బాతులపై దయతో కట్టమీదివారు విసరు రొట్టెముక్కలును, మరమరాలును అట్టివే. ఆ దయ పాచికే మేలు చేయును.

భాస్వరమున కింత శక్తి యున్నదా యని సందేహింపవచ్చును. కెనడా దేశమున 1973లో డేవిడ్ షిండ్లర్ అను శాస్త్రజ్ఞుడును, ఆయన సహచరులును ఒక చిన్న సరస్సును నడుమ తెరకట్టి రెండుగా విడదీసిరి. ఒక భాగమున కర్బనమును, నత్రజనిని మాత్రమే కలిపిరి. రెండవ భాగమున వానితోపాటు భాస్వరమును కూడ కలిపిరి. భాస్వరము పడిన వైపు నీరు పచ్చబడెను; రెండవ వైపు తేటగానే నిలిచెను. నడుమనున్నది ఒక తెర మాత్రమే!

పాచి యంతయు శత్రువు కాదు. నీటిలోని పురుగులును, నత్తలును దానిని మేయును. బాతుపిల్లలు ఆ పురుగులను మేయును. పాచి పూర్తిగా లేని చెరువు బాతులకు ఖాళీ వంటయిల్లు. మితి మీరినపుడే చిక్కు. పగలు ప్రాణవాయువును విడుచు పాచియే రాత్రి దానిని పీల్చును. అందుచేత తెల్లవారుజామున చేపలు నీటిపైకి వచ్చి నోళ్లు తెరచుట చూడవచ్చును. నీలియాకుపచ్చ నాచులో కొన్ని జాతులు విషమును కూడ పుట్టించును. ఆస్ట్రేలియాలోని అలెగ్జాండ్రినా సరస్సున అట్టి నీరు త్రాగి గొఱ్ఱెలు, గుఱ్ఱములు చచ్చిన వైనమును జార్జి ఫ్రాన్సిస్ అనునాతడు 1878లోనే ప్రకటించెను.

ఇట్టివి వినినవానికి, ఏదైన మందు చల్లి ఒక్కదినమున పాచిని చంపవలెనని తోచుట సహజము. మందు లేకపోలేదు. మైలుతుత్తముతో నీటిలోని నాచును చంపవచ్చునని అమెరికాలో మూర్, కెల్లర్మన్ అను నిరువురు 1904లో ప్రకటించిరి. అది పని చేయును. చిక్కు అక్కడనే యున్నది. ఒక్కసారిగా చచ్చిన పాచి అడుగునకు దిగి క్రుళ్లును. క్రుళ్లునపుడు నీటిలోని ప్రాణవాయువు హరించిపోవును, చేపలు తేలును. పాచిలోని భాస్వరము ఎక్కడికిని పోదు, మరల నీటిలో కలిసి రాబోవు పాచికి విందగును. తుత్తములోని రాగి బురదలో నిలిచి నత్తలను చంపును. అదియును గాక, ప్రాణవాయువు లేని బురదలోను, కళేబరములలోను బొటులిజమను వ్యాధిని కలిగించు సూక్ష్మజీవి పెరుగును. దాని విషము తలకెక్కిన పక్షికి మెడ నిలువదు. వ్రాలిన మెడతో నీటిలోనే మునిగిపోవును. చచ్చిన పక్షిపై పుట్టిన పురుగులను తిని మరియొక పక్షి చచ్చును. 2019లో రాజస్థానమందలి సాంభర్ ఉప్పుసరస్సున ఈ వ్యాధివలన వేలకొలది పక్షులు మరణించెను. అచ్చట ఎవ్వరును తుత్తము చల్లలేదు. కాని క్రుళ్లిన నీరు పక్షుల నెట్లు చంపునో అది చూపినది.

భాస్వరము పేరెరుగని పూర్వులు ఓరుగల్లు సీమలో దానిని బండ్లకెత్తి తరలించిరి. గణపతిదేవుని కాలమున, 13వ శతాబ్దమున, పాకాల వంటి మహాతటాకములు వెలసెను. గ్రామగ్రామమునను గొలుసుకట్టు చెరువులు ఏర్పడెను. వేసవిలో ఊరి చెరువు ఎండగానే రైతులు నల్లని పూడికమట్టిని త్రవ్వి పొలములకు తోలుకొనెడివారు. పొలమునకు సారము, చెరువునకు లోతు! పాచికి దక్కవలసిన భాస్వరము వరికంకిలో చేరెడిది. బజారులో ఎరువు బస్తా దొరకినపిదప ఆ బండ్లు తగ్గెను. నగరము పెరిగి మురుగు వచ్చి చేరుటచే కొన్ని చెరువులు ఎండుటయే మానెను. 2015లో ఆరంభమైన మిషన్ కాకతీయ పథకము పూడికతీతను మరల చేపట్టినది. ఓరుగల్లు నగరములోని భద్రకాళి చెరువు గుర్రపుడెక్కతోను, మురుగుతోను నిండిపోగా, 2024 నవంబరులో నీటిని వదలి పూడిక తీయుటకు పూనుకొనిరి.

పూడిక తీయుట మంచిదే కాని, మురుగుకాలువను మరలింపక తీసినచో అది కారుచున్న కుండను తుడుచుట వంటిది. వేళ కూడ చూడవలెను. వలసబాతులు వెడలిన పిదప, వానలు పడి ఈలబాతులు గూడు కట్టకముందు పని ముగియవలెను. అంచులను గోడవలె నిలువుగా చెక్కరాదు. మోకాలిలోతు నీరును, కొంత తుంగయు, జమ్మును మిగిల్చినచో పిల్లలకు చాటు దొరకును. అవి మట్టిలోని భాస్వరమును కొంత తామే పీల్చుకొనును. బ్రిటనులో కొందరు బార్లీగడ్డిని మోపులుగా కట్టి చెరువులో వేయుదురు. అది క్రుళ్లుచు కొత్త పాచిని కొంత అడ్డగించును గాని, ఉన్నదానిని చంపదు.

ఇక చిన్నకుంటలో వలయు, వెదురు దంతియు చాలును. పాచిని వారమునకొకసారి కొంచెము కొంచెముగా లాగవలెను. లాగినదానిని ఒడ్డుననే కొంతసేపు ఉంచినచో, దానిలో చిక్కిన పురుగులు, చేపపిల్లలు నీటిలోనికి పోవును. పిమ్మట తట్టలకెత్తి కట్ట దాటించి, పొలమునకో, పెంటకుప్పకో చేర్చవలెను. కట్టమీదనే కుప్పవేసి ఇంటికి పోయినచో, తొలివానకు ఆ సారమంతయు మరల చెరువులోనికే జారును.