కాండీ డోలు కోసం

కాండీకి అందరూ బుద్ధుని దంతం చూడడానికి వెళతారు. మేం వెళ్ళింది డోలు వినడానికి. దానికి కారణం ఒక రికార్డు. ఆ సంగతి తర్వాత చెబుతాను.

కొలంబోలో పొద్దున రైలెక్కితే మూడు గంటల ప్రయాణం. ఆఖరి గంట అంతా కొండలు, లోయలు. కిటికీ దగ్గర చోటు దొరికినవాడిదే అదృష్టం. వూరి నడుమ పెద్ద చెరువు. 1807లో తవ్వించినవాడు కాండీ ఆఖరు రాజు శ్రీవిక్రమ రాజసింహుడు. మధుర నాయకులతో చుట్టరికమున్న వంశం; అంటే తెలుగు మూలాలున్నవాడే. 1815లో ఇంగ్లీషువాళ్ళు గద్దె దింపి మన వేలూరుకు పంపారు. 1832లో అక్కడే పోయాడు పాపం. గట్టున కూర్చుని ఆ మాట చెబితే మా ఆవిడ, "అయితే చుట్టాలింటికే వచ్చామన్న మాట" అంది.

గట్టు పక్కనే దంతాలయం. సాయంకాలపు పూజవేళకు డోలువాళ్ళు వచ్చి నిలబడ్డారు. ఆ డోలును గెట బెరయ అంటారు. చూపుకు మన మృదంగం లాంటిదే. నడుముకు కట్టుకుని రెండు చేతులా వాయిస్తారు. మొదటి దెబ్బకే మా ఆవిడ చెవులు మూసుకుంది. కాసేపటికి చేతులు తీసేసి వేళ్ళమీద తాళం లెక్క పెట్టడం మొదలుపెట్టింది. నేనూ పెట్టబోయి రెండుసార్లు తప్పాను.

ఇక రికార్డు సంగతి. ఈ డోలు నేర్చిన లంక మనిషి ఒకాయన సెల్లో వాయించేవాడు. పేరు రోహన్ ది సారం. సెల్లో అంటే ఫిడేలుకు పెద్దన్న. కూర్చుని మోకాళ్ళ మధ్య ఆనించుకుని కమాను లాగుతారు. ఆయన 1939లో ఇంగ్లండులోని షెఫీల్డులో పుట్టాడు. చిన్నతనంలోనే ఇటలీ వెళ్ళి గాస్పర్ కసాదోకు శిష్యుడయ్యాడు. ఆ తర్వాత పోర్టోరికోలో మహావిద్వాంసుడు పాబ్లో కసాల్స్ దగ్గర నేర్చుకున్నాడు. 1960లో న్యూయార్కు కార్నెగీ హాలులో వాయించాడు. పాత మహానుభావుల కృతులే వాయించుకుంటూ నిండు సభల్లో హాయిగా బతకవలసిన మనిషి!

ఆయన మాత్రం 1970ల చివర లండనులో ఆర్డిటీ బృందంలో చేరాడు. నలుగురు వాద్యకారులు; పట్టు అంతా కొత్త సంగీతం మీదే. అప్పటిదాకా ఎవరూ వాయించనిది, ఒక్కొక్కసారి ఎవరూ వినదలచుకోనిది. 2005 దాకా అందులోనే వున్నాడు. 1995లో ఆమ్‌స్టర్‌డాంలో స్టాక్‌హౌసెన్ రచన కోసం నలుగురూ నాలుగు హెలికాప్టర్లెక్కి గాలిలో వాయించారు. కింద శ్రోతలు తెరలమీద చూస్తూ రెక్కల మోతతో సహా విన్నారు. ఇది చెబితే మా మామయ్య అడిగిన మొదటి ప్రశ్న, "పెట్రోలు ఖర్చు ఎవరిది?"

ఇటలీ స్వరకర్త లూచానో బెరియో ఒక్కొక్క వాద్యానికి ఒక్కొక్కటిగా రాసిన వరసలో పద్నాలుగోది సెల్లోకు. దాన్ని ది సారం కోసమే రాస్తూ అందులో కాండీ డోలు నడకను పెట్టాడు. కమాను పక్కన పెట్టి, చేతులతో తీగలమీదా, పెట్టెమీదా దరువు వేయాలి. 2002లో జర్మనీలోని విట్టెన్‌లో, ఏటా కొత్త సంగీతానికి సభలు జరిగే ఆ బొగ్గుసీమ వూళ్ళో, ది సారం దాన్ని మొదటిసారి వాయించాడు. మరుసటి ఏడు బెరియో పోయాడు. ది సారం 2024లో వెళ్ళిపోయాడు.

ఇంట్లో ఆ రికార్డు పెట్టినప్పుడు, "ఎవరో తలుపు కొడుతున్నారు, చూడండి" అంది మా ఆవిడ. నాకూ సంగీతమనిపించలేదు. సగంలో ఆపేశాను. అయినా అంత విద్వత్తు వున్నవాడు దీనికోసం జీవితం ఎందుకు ధారపోశాడన్న ప్రశ్న వదలలేదు. అందుకే ఈ ప్రయాణం.

పూజ అయ్యాక గట్టుమీద కూర్చుని ఫోనులో మళ్ళీ పెట్టాను. కమానుతో సాగే చోట్లు ఇప్పటికీ నాకు కొరుకుడు పడలేదు, ఒప్పుకుంటాను. దరువు వచ్చేసరికి మాత్రం మా ఆవిడ వేళ్ళు కదిలాయి. "ఇందాకటి డోలువాడే కదూ?" అంది. ఆపబోతే చెయ్యి పట్టుకుంది. ఈసారి ఆఖరుదాకా విన్నాం.