నలభై కిలోమీటర్ల స్పీడులో పాండిచ్చేరి!

పాత సినిమాలు చూసేటప్పుడు మీరెప్పుడయినా కార్లని గమనించారా? హీరోయిన్ మీంచి చూపు తిప్పుకోలేక చాలామంది గమనించరు లెండి! పోర్టికోలో కారు ఆగుతుంది. జమీందారుగారు సిల్కు లాల్చీ సర్దుకుంటూ దిగుతారు. ఆ కారు ఏ డాడ్జో, ప్లిమతో, షెవర్లేనో అయివుంటుంది. మందుల పెట్టెతో డాక్టరుగారు దిగేది చిన్న మోరిస్ మైనరులోంచి. టైటిల్సులో వీటికి కార్డు వుండదు గానీ, విలన్ వెంట పడాలంటే హీరోకి ఇవే గతి.

కారుకే హీరో వేషం దక్కిన సినిమాలూ లేకపోలేదు. 1958 నాటి ‘చల్తీ కా నామ్ గాడీ’లో గంగూలీ సోదరులు ముగ్గురితో పాటు ఒక డొక్కు కారు కూడా నటించింది. అంతకు అయిదేళ్ళ ముందు, 1953లో, ఇంగ్లీషువాళ్ళు ‘జెనవీవ్’ అంటూ ఏకంగా కారు పేరే సినిమాకి పెట్టేశారు. లండన్ నుంచి బ్రైటన్‌కి ఏటా పాత కార్లు వెళ్ళే ప్రయాణమే దాని కథ. ఆ ప్రయాణంలో 1905కి ముందు పుట్టిన బళ్ళకే చోటు. ఇక మన సావిత్రిగారి కార్ల మోజు గురించి, 2018లో ‘మహానటి’ చూసిన కుర్రకారుకి నేను చెప్పక్కర్లేదు.

మరి మన సినిమాల్లో తిరిగిన ఆ కార్లన్నీ ఏమయ్యాయి? చాలావరకు తుక్కు కింద పోయాయి. మద్రాసు పుదుపేటలో బళ్ళు విప్పి ముక్కలుగా అమ్మే వీధులున్నాయి. అక్కడ ఎన్ని పాత కార్ల ప్రాణాలు పోయాయో లెక్క లేదు. (చెన్నై అనాలి. 1996లోనే పేరు మారింది. నా నోటికి మాత్రం మద్రాసే అలవాటు!) కొన్ని బతికాయి. వడపళనిలో ఏవీఎం వాళ్ళు 2023లో తెరిచిన హెరిటేజ్ మ్యూజియంలో కొన్ని తళతళలాడుతూ నిలబడి వున్నాయి. నాకు మాత్రం నిలబడ్డ కారు కన్నా నడిచే కారు చూడాలని కోరిక. అది తీర్చింది ఆ వూళ్ళోనే వున్న పాత కార్ల క్లబ్బు. ‘ఆదివారం పాండిచ్చేరి వెళ్తున్నాం, వస్తారా?’ అన్నారు. ఎగిరి గంతేశాను.

మార్చి నెలాఖరు. తెల్లవారుజామున అయిదున్నరకి తిరువాన్మియూరులో పదకొండు కార్లు వరసగా నిలబడ్డాయి. అన్నిటికన్నా ముసలిది 1934 నాటి ఆస్టిన్ సెవెన్. దాని ఇంజన్ 747 సి.సి., పక్కన నిలబెట్టిన బుల్లెట్టు మోటారుసైకిలు కన్నా రెండింతలు కాస్త ఎక్కువ, అంతే! దాని వెనకాల 1947 షెవర్లే ఫ్లీట్‌మాస్టర్, ఏనుగులా. ఆ తర్వాత ఒక డాడ్జ్ కింగ్స్‌వే, ల్యాండ్‌మాస్టరు, రెండు అంబాసిడర్లు, స్టాండర్డ్ హెరాల్డు, జీపు... మోరిస్ మైనరుకి మలుపు చూపించే దీపాలు లేవు. స్విచ్చి తిప్పితే పక్క స్తంభంలోంచి నారింజరంగు చెయ్యి ఒకటి ‘నమస్తే’ అన్నట్టు పైకి లేస్తుంది.

కార్ల విషయంలో మద్రాసుకి పెద్ద చరిత్రే వుంది. మనదేశంలో మొట్టమొదటి ఆవిరి కారు 1903లో తయారయింది ఇక్కడి సింప్సన్ కంపెనీలోనే. 1948లో పుట్టిన అశోక్ మోటార్స్ ఎన్నూరులో ఆస్టిన్ కార్లు బిగించింది. లారీల వెనక మనం చూసే అశోక్ లేలాండ్ ఆ కంపెనీయే. ఇందాక చెప్పిన స్టాండర్డ్ హెరాల్డు 1961 నుంచి ఈ వూరి పొలిమేరల్లోనే తయారయింది. అంటే ఆ కారుకి ఆ పూట పుట్టింటి రోడ్డే!

క్లబ్బు మనుషుల్ని చూస్తే మీరు నవ్వుతారు. ఒక పళ్ళ డాక్టరు, ఒక రిటైరయిన బ్యాంకు మేనేజరు, జార్జిటౌనులో ఇనప సామాన్ల వ్యాపారి, కాలేజీ కుర్రాళ్ళిద్దరు, మనవణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకున్న ఒక మామ్మగారు. మామూలు రోజుల్లో వీళ్ళు ఒకరికొకరు తారసపడే అవకాశమే లేదు. నియమాలు మాత్రం మిలిటరీవి. ప్రతి కారులో మంటలార్పే సిలిండరు వుండాలి. అన్నిటికన్నా నెమ్మదిగా వెళ్ళే కారు ముందు, మిగతావి దాని వెనక. ఒక కారు ఆగితే అన్నీ ఆగాలి. మూడో నియమం వినడానికి బాగానే వుంది గానీ, పాత కార్లతో ఇలాగయితే పాండిచ్చేరి ఎప్పటికి చేరతామా అని నాకు లోపల అనుమానమే.

నన్ను 1965 నాటి ఫియట్‌లో ఎక్కించారు. లేత నీలం రంగు, ఎం.ఎస్.తో మొదలయ్యే పాత నంబరు, స్టీరింగు పక్కనే హ్యాండ్ గేరు. నడుపుతున్నది ఇరవై నాలుగేళ్ళ అమ్మాయి. టీ నగర్లో మూడు తరాలుగా స్థిరపడ్డ తెలుగు కుటుంబం వాళ్ళది. తాతగారు సినిమా కంపెనీల్లో ప్రొడక్షన్ మేనేజరు. తెల్లారకముందే ఆర్టిస్టుల్ని ఇళ్ళ దగ్గర ఎక్కించుకుని కోడంబాకం స్టూడియోలకి చేర్చింది ఈ కారేనట. వెనక సీటులో వాళ్ళ నాన్నగారు. ఆయన పక్కన నేను. ముందు సీటులో, అమ్మాయి పక్కన, క్లబ్బు మొత్తానికి పెద్దదిక్కయిన మేస్త్రీగారు. నెల్లూరు జిల్లానుంచి పదమూడో ఏట మద్రాసు వచ్చి షెడ్డులో చేరిన మనిషి. ఎనభయ్యో పడి దగ్గరపడుతోంది. ఆయన కారుని చూడడు, వింటాడు. పొడుగాటి స్క్రూడ్రైవరు మొన ఇంజన్‌కి ఆనించి, పిడి చెవికి ఆనించి, డాక్టరు గుండె చూసినట్టు కళ్ళు మూసుకుంటాడు.

ముట్టుకాడు దగ్గర బ్యాక్‌వాటర్ మీద ఎండ పడుతోంది. అప్పుడు కదిలింది అసలు సంగతి. నాన్నగారు నాతోనే అన్నట్టు, కూతురికి వినపడేట్టు చెప్పారు.

“దీన్నొక హోటలువాళ్ళు అడుగుతున్నారండీ. మంచి ధరే. గుమ్మం ముందు పెట్టుకుంటారట.”

“ఇంజన్ పీకేసి లోపల టేబులు వేస్తారట, అది కూడా చెప్పు నాన్నా!” అంది అమ్మాయి, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా.

ఆయన మాటలోనూ న్యాయం వుంది. యాభై ఏళ్ళు దాటిన బండిని వింటేజిగా కొత్తగా రిజిస్టరు చేయించాలంటే 2021లో వచ్చిన రూల్సు ప్రకారం ఇరవై వేలు ఫీజు. చేయించాక రోజూ ఆఫీసుకి వేసుకెళ్ళడానికి వీల్లేదు. ర్యాలీలకీ, ప్రదర్శనలకీ, రిపేర్లకీ, పెట్రోలు పోయించుకోడానికీ మాత్రమే తియ్యాలి. “ఇంట్లో చోటు తింటుంది, నెలకోసారి జబ్బు చేస్తుంది” అని ఆయన బాధ. చివరికి తండ్రీకూతుళ్ళకి ఒప్పందం కుదిరింది. పాండిచ్చేరి వెళ్ళి సొంతంగా ఇంటికి తిరిగొస్తే కారు వుంటుంది. ఎక్కడయినా లారీ మీదికి ఎక్కించాల్సి వస్తే అటునుంచటే హోటలుకి!

ఇంకేం, నాకు సస్పెన్స్ సినిమా టిక్కెట్టు దొరికినట్టయింది.

మహాబలిపురం దాకా ఏ బెంగా లేదు. టిఫిన్లు అయ్యాయి. బస్సులోంచి స్కూలు పిల్లలు ఆస్టిన్‌ని చూసి కేకలు పెట్టారు. కొత్త కార్లవాళ్ళు ఓవర్‌టేక్ చేస్తూ సెల్‌ఫోన్లతో ఫోటోలు తీసుకుంటూ మమ్మల్ని గుద్దేటంత పని చేశారు. నలభై కిలోమీటర్ల స్పీడులో రోడ్డు ఎంత కనపడుతుందో! కల్పాక్కం దాటాక పాలారు వంతెన, ఇసకలో సన్నటి నీటి చారలు, తర్వాత తాటితోపులు. ఎనభైలో పోయేవాళ్ళకి ఇవన్నీ ఒకటే పచ్చ గీత.

మరక్కాణం ఇంకా కొంత దూరం వుందనగా ఫియట్ రెండుసార్లు వెక్కిళ్ళు పెట్టి ఆగిపోయింది.

తల బయట పెట్టి చూశాను. ముందు ఆరు కార్లు, వెనక నాలుగు, ఒక్కొక్కటే రోడ్డు దిగి తాటిచెట్ల కింద ఆగాయి. ఎవరూ విసుక్కోలేదు. మామ్మగారు క్యారియరు విప్పి చింతపండు పులిహోర పంచడం మొదలెట్టింది. పక్కనే ముంజలమ్మే కుర్రాడికి ఆ రోజు పండగ.

“వేపర్ లాకు” అన్నారు బ్యాంకు మేనేజరుగారు. ఎండకి పెట్రోలు పైపులోనే ఆవిరయి బుడగ కడుతుంది. పంపు ద్రవాన్ని లాగగలదు గానీ బుడగని లాగలేదు. దానికి మందు తడిగుడ్డ. పంపు మీద తడిగుడ్డ చుట్టి పది నిమిషాలు కూర్చున్నాం. ఇంజన్ అందుకుంది. రెండు కిలోమీటర్లు వెళ్ళగానే మళ్ళీ ఆగింది! ఈసారి మేస్త్రీగారు బానెట్టు మీద వంగి ముక్కు ఎగబీల్చారు.

“స్టార్టు చెయ్యబాక అమ్మణ్ణీ! తాళం చెవి తీసెయ్.”

ఆయన గొంతులో అంతవరకు లేని కటువు. పంపు నుంచి కార్బురేటరుకి వెళ్ళే రబ్బరు గొట్టం చెమట పట్టినట్టు తడిసివుంది. వేలితో నొక్కితే వేలుకి నల్లగా అంటుకుంది. దానికి జానెడు దూరంలో పొగగొట్టం నిప్పులా కాలుతోంది. ఒక్క చుక్క జారి దాని మీద పడితే?

నాన్నగారి మొహం పాలిపోయింది. ఆయన కారుని చూడలేదు, కూతురు కూర్చున్న సీటుని చూశారు.

“ఇప్పటి పెట్రోల్లో ఇథనాలు కలుపుతారు గదయ్యా. పాత రబ్బరుకి అది పడదు, మెత్తబడిపోద్ది” అన్నారు మేస్త్రీగారు. 2025 నాటికి దేశమంతటా బంకుల్లో నూటికి ఇరవై వంతులు ఇథనాలు కలిసిన పెట్రోలే వచ్చేసింది. కారు పుట్టినప్పుడు అలాంటి పెట్రోలు వుంటుందని రబ్బరు చేసినవాడికేం తెలుసు!

“ఇంక చాలు. లారీని పిలుస్తాను” అని నాన్నగారు ఫోను తీశారు. అమ్మాయి ఏమీ అనలేదు. కళ్ళు మాత్రం నిండాయి.

అప్పుడు పదకొండు డిక్కీలు తెరుచుకున్నాయి. ఎవరూ ఎవర్నీ అడగలేదు. షెవర్లేలోంచి క్లిప్పులు, హెరాల్డులోంచి కత్తి, జీపులోంచి బకెట్టు. కొత్తరకం పెట్రోలుకి తట్టుకునే గొట్టం అంబాసిడర్ డాక్టరుగారి డిక్కీలో చుట్టచుట్టి వుంది. తన కారుకోసం దాచుకున్నది. మూరెడు కోసి ఇచ్చేశారు. కాలేజీ కుర్రాడు సిలిండరు పట్టుకుని కాపలా నిలబడ్డాడు. ఇంజన్ చల్లారేదాకా మేస్త్రీగారు ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. చల్లారాక తాను కూడా ముట్టుకోలేదు!

“నా చేతులు వొణుకుతుండాయి. నువ్వు బిగించు అమ్మణ్ణీ. నేను చెప్తా.”

ఆయన చేతులు వణకడం నేను చూడలేదు. చున్నీ నడుముకి బిగించి అమ్మాయే పాత గొట్టం లాగింది, కొత్తది తొడిగింది, క్లిప్పులు బిగించింది. ఆయన వేలు పెట్టి తడిమి, వాసన చూసి, ‘ఊఁ’ అన్నారు. మొత్తం గంటా పదినిమిషాలు. ఆ గంటా పది మంది ఎండలో నిలబడ్డారు. ముందు వెళ్ళి బీచిలో చల్లగా కూర్చుంటాం అన్నవాళ్ళు ఒక్కరూ లేరు.

తర్వాత మరక్కాణం ఉప్పుమళ్ళ పక్కన, తెల్లటి ఉప్పు కుప్పల వెలుగులో, ఫియట్ పాట పాడుకుంటూ పోయింది. పాండిచ్చేరి చేరేసరికి రెండున్నర. గాంధీ విగ్రహం దగ్గర ఫోటోలు, పసుపు గోడల ఫ్రెంచి వీధులు, కాఫీ. అక్కడొకాయన మా తెలుగు విని పరుగెత్తుకొచ్చి ‘మాది యానాం’ అని పరిచయం చేసుకున్నాడు. యానాం కూడా పాండిచ్చేరిలో భాగమే కదా! సాయంత్రం ఆరింటికి బీచి రోడ్డు మీద బళ్ళు ఆపేస్తారు, కనుక త్వరగానే ఖాళీ చేశాం. రాత్రి అక్కడే బస.

మర్నాడు తిరుగు ప్రయాణంలో ముంజల కుర్రాడి దగ్గర మళ్ళీ ఆగాం. బయల్దేరేటప్పుడు చూస్తే స్టీరింగు ముందు నాన్నగారు కూర్చున్నారు. మూడో గేరు వెయ్యడానికి తడుముకున్నారు. రెండోసారికి పడింది. అమ్మాయి వెనక నా పక్కన కూర్చుని కిటికీలోంచి సముద్రాన్ని చూస్తోంది. నవ్వు ఆపుకుంటోందని ఆమె భుజాలే చెప్పాయి.

తిరువాన్మియూరులో అందరూ విడిపోతున్నారు. ఆస్టిన్‌ని నలుగురు నెట్టి స్టార్టు చేశారు. నాన్నగారు అంబాసిడర్ డాక్టరుగారి దగ్గరికి వెళ్ళి గొట్టం డబ్బు ఇవ్వబోయారు. ఆయన పుచ్చుకోలేదు.

“పోనీ ఆ గొట్టం ఎక్కడ దొరుకుతుందో చెప్పండి” అన్నారు నాన్నగారు.

“జీపీ రోడ్డులో. మీ కారుకి రెండడుగులు చాలు.”

“నాలుగడుగులు తీసుకుంటాను లెండి” అన్నారాయన.