మా తాతగారు చూచిన ఆట

ఈ ఏటి సంచికకు కూడా అలవాటు ప్రకారం ఒక సాహిత్య వ్యాసమే వ్రాయవలసి ఉన్నది. ‘విద్వద్గద్వాల’ అని పేరు తెచ్చుకున్న సంస్థానం ఒకవైపు, వనపర్తి సంస్థానం మరొకవైపు ఉన్న ఈ సీమలో తెలుగు అధ్యాపకునికి విషయ దారిద్ర్యం ఉండదు. సంపాదకవర్గం వారు కూడా ప్రబంధకవులలో ఎవరినో ఒకరిని ఆశించి ఉంటారు. వారు క్షమింతురు గాక. ఈసారి మేము ఫుట్‌బాల్ గురించి వ్రాస్తున్నాము.

కారణం మా విద్యార్థి ఒకడు. పేరు వ్రాయము. గద్వాలకు ఆవల ఒక చిన్న ఊరి నుండి వచ్చి బి.ఏ. రెండవ సంవత్సరం చదివేవాడు. మన కళాశాల మైదానంలో రెండు వెదురు గుంజల మధ్య సాయంకాలం చీకటి పడేదాకా ఆడేవాడు. ఒక్కొక్కప్పుడు మధ్యాహ్నం మా తెలుగు తరగతి వేళ కూడా ఆడేవాడు. హాజరు పట్టికలో అతని పేరుకు ఎదురుగా ఉన్న ఖాళీలను చూసి చూసి ఒకనాడు మేము అతని చంకలోని బంతిని తీసుకొని, తరగతి అందరి ఎదుట, “బంతి అన్నం పెడుతుందా? ముందు పుస్తకం తెరువు” అన్నాము. పిల్లలు నవ్వారు. అతడు “మంచిది సార్” అని కూర్చున్నాడు. ఆ తరువాత నాలుగైదు దినములు వచ్చాడు. ఆపైన రాలేదు. పరీక్షలకూ రాలేదు. హైదరాబాదులో ఏదో హోటలులో పనికి కుదిరినట్లు తోటి విద్యార్థుల వలన తెలిసింది.

బంతి మా గదిలో బీరువా మీద ఉండిపోయింది.

దానిని చూచినప్పుడల్లా మాకు మా మాతామహులు గుర్తుకు రాసాగారు. వారు నాగర్‌కర్నూలు వారు. 1952లో, ఇరవై ఏళ్ళ వయస్సులో, హైదరాబాదు వెళ్ళి నగర పోలీసులో జవానుగా చేరారు. ఇంట్లో వారు దక్కనీ ఉర్దూలో చెప్పే కథలలో రాజులూ పరీలూ ఉండేవారు కారు. అజీజుద్దీన్, నూర్ మహమ్మద్ అనే పేర్లు ఉండేవి. చాలాకాలం వారిద్దరూ మాకు దూరపు బంధువులని అనుకున్నాము. హైదరాబాదు సిటీ పోలీసు ఫుట్‌బాల్ జట్టు క్రీడాకారులని పెద్దయిన తరువాత గాని తెలియలేదు.

నేటి విద్యార్థులలో ఆ జట్టు పేరు విన్నవారు అరుదు కనుక కొంత వివరంగా చెప్పవలసి ఉన్నది. బొంబాయిలో ఒకప్పుడు జరిగిన రోవర్స్ కప్పు 1891లో మొదలైన పోటీ. ఆ కప్పును హైదరాబాదు పోలీసులు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదు పర్యాయాలు గెలిచారు. దేశంలోకెల్లా పురాతనమైన డ్యూరాండ్ కప్పును 1950లో, 1954లో, 1957లో గెలిచారు. ఆంధ్ర పోలీసు అని పేరు మారిన పిమ్మట 1961లో మరొకమారు గెలిచారు. 1950లో వారు డ్యూరాండ్‌లో ఓడించినది కలకత్తా మోహన్ బగాన్‌ను. మొదటి ఆట సమానం కాగా రెండవ ఆటలో ఒక్క గోలుతో గెలిచారు.

ఆ సంవత్సరాన్ని గమనించవలెను. 1948 సెప్టెంబరు గడిచి అప్పటికి రెండేండ్లే అయినది. మన ఇళ్ళలో పెద్దలు తలుపులు వేసుకొని మెల్లగా మాట్లాడుకున్న కాలమది. ఎవరి ఉద్యోగం నిలుస్తుందో, ఎవరు ఎక్కడికి వెళ్ళిపోతారో తెలియని రోజులు. అటువంటి రోజులలో హైదరాబాదు పేరు ఛాతీ మీద పెట్టుకొని కొందరు జవానులు బొంబాయిలోనూ ఢిల్లీలోనూ కప్పులు ఎత్తారు. మా తాతగారు రాజకీయాలు మాట్లాడే మనిషి కారు. కాని ఆ ఐదు సంవత్సరాలను వ్రేళ్ళ మీద లెక్కపెట్టేటప్పుడు వారి గొంతు మారేది. బొటనవ్రేలి దగ్గర మొదలుపెట్టి చిటికెనవ్రేలి దగ్గర ఆగి, పిడికిలి మూసేవారు.

ఈ విజయాల వెనుక ఉన్న పెద్దమనిషి ఒక బడిపంతులు. సయ్యద్ అబ్దుల్ రహీం గారు 1909లో హైదరాబాదులో జన్మించారు. ఉస్మానియాలో చదివి, కాచిగూడ, చాదర్‌ఘాట్ మొదలైన పాఠశాలలలో బోధించి, తరువాత వ్యాయామ విద్యలో డిప్లమా పొందారు. 1943 నుండి హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి. 1950 నుండి సిటీ పోలీసు జట్టుకు శిక్షకులు. భారత జట్టుకు వారు శిక్షణ ఇచ్చిన కాలంలోనే 1951 ఢిల్లీ, 1962 జకార్తా ఆసియా క్రీడలలో మనకు స్వర్ణపతకాలు వచ్చాయి. 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో ఆస్ట్రేలియాను నాలుగు–రెండు గోళ్ళతో ఓడించి, నాల్గవ స్థానం పొందాము. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో భారతదేశం చేరుకున్న అత్యున్నత స్థానం అదే. ఆ జట్టులో అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, అహ్మద్ హుస్సేన్, జుల్ఫికరుద్దీన్, తులసీదాస్ బలరాం, అందరూ మన హైదరాబాదు మట్టిలో పెరిగినవారే.

రహీం గారి బోధనా పద్ధతి మాకు, అధ్యాపకులముగా, ఎక్కువ ఆసక్తికరం. వారు బలహీనమైన కాలితో మాత్రమే ఆడవలసిన పోటీలు పెట్టేవారు. కుడికాలి వాటం వాడు ఎడమకాలితోనే తన్నవలెను. బంతిని ఒక్కడే అట్టే పెట్టుకొని ఎదుటివారిని తప్పించుకుంటూ పోకుండా, అందిన వెంటనే తోటివానికి అందించే పోటీలు పెట్టేవారు. దేహబలం తక్కువైన మన పిల్లలు వేగంతోనూ ఆలోచనతోనూ గెలవాలని వారి ఉద్దేశ్యం. మా తాతగారు తెల్లవారుజామున డ్యూటీ దిగి, మైదానం అంచున నిలబడి ఇవన్నీ చూచేవారట. జట్టులో చేరాలని తామూ ఒకసారి ప్రయత్నించారు, తీసుకోలేదు. ఆ సంగతి నవ్వుతూనే చెప్పేవారు గాని, మా చిన్నతనంలో సెలవులకు నాగర్‌కర్నూలు వెళితే మా చేత ఎడమచేతితో అలీఫ్, బే, ఆ పక్కనే అ, ఆ వ్రాయించేవారు. మా ఎడమచేతి వ్రాత నేటికీ మా కుడిచేతి వ్రాత కంటె నయమని ఇంట్లో వేళాకోళం.

బలరాం గారి సంగతి ఒకటి ఇక్కడ చెప్పక తప్పదు. వారు సికింద్రాబాదు దాపుననున్న అమ్ముగూడ పేద కుటుంబంలో 1936లో పుట్టారు. శిక్షణకు హైదరాబాదు దాకా రావడానికి డబ్బులు లేవంటే, రహీం గారు అద్దె సైకిలుకు తామే డబ్బులు ఇచ్చి రప్పించుకున్నారు. బలరాం గారు స్వయంగా చెప్పుకున్న సంగతి ఇది. ఆ కుర్రవాడు 1956లో మెల్బోర్న్‌లోనూ, 1960లో రోమ్‌లోనూ ఆడాడు. రోమ్‌లో హంగరీ మీదా పెరూ మీదా గోళ్ళు చేశాడు. బలరాం గారు 2023 ఫిబ్రవరిలో కాలధర్మం చెందారు. ఆ వార్తను పత్రికలో చదివిన నాడు మేము బీరువా మీది బంతి వైపు చాలాసేపు చూడలేకపోయాము. ఒక పంతులు సైకిలు అద్దె ఇచ్చాడు. ఇంకొక పంతులు బంతి లాక్కున్నాడు.

మేము అన్న మాటలో అసత్యం కూడా ఉన్నది. బంతి అన్నం పెట్టింది. బాగా ఆడగలవాడికి పోలీసులో ఉద్యోగం దొరికేది. నెల జీతం, యూనిఫారం, బూట్లు. ఆ జట్టు బలమంతా అక్కడే ఉన్నది. దాని బలహీనత కూడా అక్కడే ఉన్నదని మాకు తోస్తుంది. అది ఉద్యోగానికి చెందిన జట్టు. 1963 జూన్‌లో రహీం గారు క్యాన్సరుతో మరణించారు; జకార్తా విజయానికి ఏడాది నిండలేదు. కలకత్తా క్లబ్బులు అంతకు ముందు నుంచే మంచి ఆటగాళ్ళను పిలుచుకుపోతున్నాయి. బలరాం 1957లోనే ఈస్ట్ బెంగాల్‌కు వెళ్ళారు. తరువాతి తరంలో నయీముద్దీన్, మహమ్మద్ హబీబ్ అదే దారి పట్టారు. 1977లో పీలే ఆడిన కాస్మాస్ జట్టు మీద మోహన్ బగాన్ తరఫున గోలు చేసిన హబీబ్ హైదరాబాదీ అని ఆనాడు ఈడెన్ గార్డెన్స్‌లో ఎందరికి తట్టి ఉంటుందో! ఆటగాళ్ళకు ఉద్యోగాలు తగ్గిన కొద్దీ ఆ జట్టు పెద్ద పోటీల నుండి నెమ్మదిగా తప్పుకున్నది.

ఇటలీలో వెర్చెల్లి అని ఒక పట్టణం ఉన్నది. జూరాల కాలువల క్రింద మన గద్వాల, వనపర్తి పొలాలు చూచినవారికి అది కొత్త అనిపించదు. పో నది నీటిని తెచ్చే కవూర్ కాలువ క్రింద చుట్టూ వరి మడులే. అక్కడ 1892లో వ్యాయామ సంఘంగా మొదలైన ప్రో వెర్చెల్లి క్లబ్బు 1908 నుండి 1922 లోపల ఏడుసార్లు ఇటలీ జాతీయ విజేత అయినది. 1913లో బెల్జియంతో ఆడిన ఇటలీ జట్టు పదకొండుగురిలో తొమ్మండుగురు ఆ క్లబ్బు వారే. తరువాత పెద్ద నగరాల డబ్బు రంగంలోకి దిగింది. అక్కడే తొలుత ఆడిన సిల్వియో పియోలా 1934లో రోమ్ నగరపు లాజియో క్లబ్బుకు వెళ్ళాడు. మరుసటి ఏడే వెర్చెల్లి మొదటి శ్రేణి నుండి దిగిపోయింది. మళ్ళీ అక్కడికి చేరనే లేదు. అరవై నాలుగేండ్లు రెండవ శ్రేణికి కూడా రాలేక, 2012లో వచ్చింది, తిరిగి దిగింది. 2010లో పాత సంస్థ అప్పులపాలై మూతపడితే, అదే ఊరిలోని మరొక క్లబ్బు ఆ పేరును తన పేరుగా చేసుకొని నిలబెట్టింది. మూడవ శ్రేణిలో అయినా సరే, ఆ తెల్ల చొక్కాలు అదే ఊరిలో, పియోలా పేరు పెట్టిన మైదానంలో ఆడుతున్నాయి.

మన హైదరాబాదులో 2019లో ఒక కొత్త క్లబ్బు వెలసింది. 2022 మార్చిలో గోవాలో జరిగిన ఇండియన్ సూపర్ లీగ్ ఫైనల్‌లో కేరళ జట్టును పెనాల్టీలలో ఓడించి విజేత అయినది. సంతోషించాము. 2025లో అది ఢిల్లీకి తరలి, పేరు కూడా మార్చుకున్నది. వెర్చెల్లి వారిలాగా ఆ పేరు పట్టుకొని కూర్చునేవారు మనలో ఎవరూ ఉన్నట్లు లేదు. సినిమా చూచినవారు మాత్రం ఉన్నారు, రహీం గారి మీద 2024లో ‘మైదాన్’ అనే హిందీ చిత్రం వచ్చినప్పుడు మా విద్యార్థులు కొందరు వచ్చి, “సార్, నిజంగా అలాంటాయన ఉన్నాడా?” అని అడిగారు. మా తాతగారు 2001లో పోయారు. వారు ఉండి ఉంటే ఆ ప్రశ్నకు ఏమి జవాబు చెప్పేవారో.

కళాశాల కమిటీ పెద్దలకు ఒక మనవి ఇదివరకే వ్రాతపూర్వకంగా సమర్పించి ఉన్నాము. మైదానంలో ఉత్తరపు వైపు గుంజల ముందు వాన నీరు నిలుస్తున్నది. నాలుగు ట్రాక్టర్ల మొరం పోయిస్తే చాలును. వెదురు గుంజల స్థానంలో ఇనుప గుంజలు వేయిస్తే మరీ మంచిది. ఒక ట్రాక్టరు ఖర్చు మేము భరిస్తాము.

గత రంజాన్ పండుగకు ఆ విద్యార్థి ఊరికి వచ్చినట్లు విని, మేము గద్వాల బస్సు ఎక్కాము. ఏమి మాట్లాడవలెనో దారి పొడవునా పదాలు పేర్చుకున్నాము గాని అతని గుమ్మంలో అవేవీ జ్ఞాపకం రాలేదు. “నాటి మాట మేము అనకుండా ఉండవలసింది నాయనా” అని మాత్రం అన్నాము. అతడు బిడియపడి, “అరె, కూర్చోండి సార్” అని లోపలి నుండి కుర్చీ తెచ్చాడు. వాళ్ళమ్మగారు షీర్ ఖుర్మా పంపారు. హోటలులో పన్నెండు గంటల పని అనీ, సెలవు దొరికిన నాడు తోటి కుర్రవాళ్ళతో ఆడుతున్నాననీ చెప్పాడు. మా తాతగారి సంగతి చెబితే కళ్ళు పెద్దవి చేసి విని, “ఎడమకాలితోనేనా సార్?” అని రెండుసార్లు అడిగాడు. మిగిలిన పరీక్షలు వ్రాయవయ్యా, ఫీజు సంగతి మేము చూస్తాము అన్నాము. వ్రాస్తానని అనలేదు. ఆలోచిస్తానన్నాడు.

బస్సు దాకా సాగనంపుతూ, “ఆ బంతి ఉన్నదా సార్?” అని అడిగాడు.

ఉన్నది. గాలి పోయింది, కొట్టించాలి.