యెరూషలేములో మాంసపు రొట్టె

పిజ్జా అంటే ఏమిటో ఇప్పుడు మన పల్లెటూరి పిల్లలకు కూడా తెలుసు. పులిసిన పిండితో రొట్టె చేసి, టమాటా గుజ్జు రాసి, పైన చీజు కరిగిస్తారు. మన పట్టణాలలో దానిమీదే కోడిమాంసం ముక్కలు కూడా వేస్తారు. అయితే ధర్మశాస్త్రము పాటించే యూదుల ఇంట మాంసమూ చీజూ ఒకే రొట్టె మీద ఎన్నడూ కలవవు. మేకపిల్ల మాంసాన్ని దాని తల్లి పాలతో ఉడికించడాన్ని నిషేధించే ఆజ్ఞ నిర్గమకాండములో రెండుసార్లు (23:19, 34:26), ద్వితీయోపదేశకాండములో ఒకసారి (14:21) ఉన్నది. యూదా బోధకులు దానిని విస్తరించి, ఏ మాంసాన్నీ ఏ పాల పదార్థంతోనూ వండకూడదు, తినకూడదు అని స్థిరపరచారు. మరి అబ్రాహాము తన అతిథులకు పాలూ వెన్నా దూడమాంసమూ పెట్టలేదా అని ఆదికాండము 18వ అధ్యాయం చదివినవారు అడుగవచ్చు. అది సీనాయికి ముందటి సంగతి. ఆ ప్రశ్నను యూదా పండితులు కూడా శతాబ్దాలుగా చర్చిస్తూనే ఉన్నారు.

2019 నవంబరులో మా యాత్రా బృందానికి ఒక శుక్రవారం విరామం దొరికింది. మా గోదావరి ప్రాంతపు సహోదరి ఒకామె అక్కడ ఒక వృద్ధురాలికి సేవ చేస్తూ, ఇక్కడ ఇద్దరు బిడ్డలను చదివించుకుంటున్నది. "అయ్యగారూ, మా సఫ్తా మిమ్మల్ని భోజనానికి రమ్మన్నారు" అని కబురు చేసింది. సఫ్తా అంటే హెబ్రీ భాషలో నాయనమ్మ, అమ్మమ్మ.

యాఫా వీధిలో 2011 నుండి నడుస్తున్న ట్రాము ఎక్కి మహానె యెహుదా బజారు దగ్గర దిగాను. శుక్రవారం ఉదయం ఆ బజారు మన సంక్రాంతి ముందటి సంతను తలపిస్తుంది. దాని ప్రక్కనే నహ్లావోత్ అనే పాత పేట. సన్నని రాతి సందులు, ముంగిళ్లలో నీటి తొట్లు. సిరియాలోని అలెప్పో నుండి వచ్చిన యూదులు 1901లో కట్టిన అదేస్ సమాజమందిరం ఆ పేటలోనే ఉన్నది. ఈ సఫ్తా పెద్దలు కూడా అలెప్పో వారే.

ఆ వంటగదిలో అన్నీ రెండేసి. రెండు తొట్లు, రెండు వరుసల గిన్నెలు, రెండు జతల కత్తులు. ఎర్ర గుర్తు మాంసానికి, నీలి గుర్తు పాలకు. మన సహోదరి అరల మీద తెలుగులో "పాలు", "మాంసం" అని కాగితాలు కూడా అంటించుకున్నది! ఒక్క గరిటె తారుమారైనా ఆ పూట వంట ఏమి చేయాలో బోధకుణ్ణి అడగవలసి వస్తుందట.

ఆ రోజు వంటకం లహ్మాజీన్. మాంసమూ పిండీ అని అరబ్బీలో దాని అర్థం. మనవలు పిజ్జా కావాలని మారాం చేస్తారు. శుక్రవారం రాత్రి ఆ ఇంట మాంసాహారం గనుక చీజు కుదరదు, అందుకని ఇది. ఒక కిలో పిండికి గోరువెచ్చని నీళ్లు, ఈస్టు, ఒలీవ నూనె, కాస్త ఉప్పు వేసి కలిపి గంటసేపు పొంగనిస్తారు. పాలు చుక్క కూడా పోయరు. పాలతో కలిపిన రొట్టెను ఎవరైనా తెలియక మాంసంతో తింటారేమోనని తల్మూదు కాలంనుండీ ఆ కట్టడి ఉన్నది. పైన వేయడానికి కిలో గొఱ్ఱె ఖీమా, తురిమి పిండిన ఉల్లిపాయలు, టమాటా ముద్ద, దాల్చినచెక్క పొడి, చింతపండు పులుసు. అవును, మన చింతపండే! అరబ్బులు దానిని తమర్ హిందీ, అంటే హిందూదేశపు ఖర్జూరం అంటారు. చిక్కగా మరిగించిన ఆ పులుసు లేకుండా అలెప్పో యూదులకు ఈ రొట్టె రుచించదు. ఖీమాలో ఉప్పు తక్కువే వేయాలి. రక్తం పోవడానికి మాంసాన్ని ముందే అరగంట నానబెట్టి, గంటసేపు ఉప్పులో ఉంచి, మూడుసార్లు కడిగి ఉంటారు.

మన దేశపు యూదులకు కూడా ఇటువంటి ఉపాయమే ఉన్నది. కొంకణ తీరపు బెనె ఇశ్రాయేలీయులు, కొచ్చి యూదులు మాంసపు కూరలో పెరుగుకు బదులు కొబ్బరిపాలు పోస్తారు. నాకు ఇదే ఎక్కువ నచ్చింది.

పిండిని పూరీలకన్నా చిన్నవిగా ఒత్తి, ఖీమాను అంచుల దాకా పలుచగా అదిమితే నాలుగు పళ్ళెములు నిండాయి. అక్కడినుండి పని సహోదరి చేతులలో లేదు. యూదులు కానివారు మాత్రమే వండినది ఆ ఇంట తినరు. సఫ్తా సంప్రదాయంలో పొయ్యి వెలిగిస్తే చాలదు, వంటను నిప్పు మీద పెట్టే చెయ్యి కూడా యూదుల చెయ్యే కావాలి. ఆమెకు ఎనభై దాటాయి, చేతులు వణుకుతాయి. పైగా క్రిందటి చలికాలంలో పడి మణికట్టు విరిగింది. కోడలు వచ్చేసరికి చీకటి పడుతుంది. నవంబరులో అక్కడ నాలుగు గంటల ప్రాంతంలోనే విశ్రాంతిదినపు సైరను మ్రోగుతుంది, ఆ తరువాత వంట లేదు.

"నేను మోస్తాను, మీరు పెట్టండి" అని సహోదరి హెబ్రీలో చెప్పి నాకు తెలుగులో వివరించింది. పళ్ళెం బరువు క్రిందినుండి ఆమె పట్టుకున్నది. సఫ్తా రెండు చేతులతో దానిని ఓవెన్‌లోకి నెట్టింది. నాలుగుసార్లూ అలాగే. మూడవసారి ముసలామె ఆగి, గోడకు ఆనుకుని ఊపిరి తీసుకున్నది. సహోదరి గడియారం వైపు చూసిందే గాని తొందరపెట్టలేదు. పన్నెండు, పదిహేను నిమిషాలలో అంచులు ఎర్రబారి, మసాలా వాసన సందు దాకా వెళ్లింది. చివరి పళ్ళెం దింపి విద్యుత్తు పలక మీద వెచ్చగా ఉంచిన కొద్దిసేపటికి సైరను మ్రోగింది.

చీకటి పడ్డాక పదకొండుమందిమి బల్లచుట్టూ కూర్చున్నాము. మనవలు రొట్టెమీద నిమ్మకాయ పిండుకుని, మడిచి, రెండేసి చొప్పున తిన్నారు. వారిలో చిన్నవాడు ఇది పిజ్జా కాదని వాదిస్తూనే అయిదు తిన్నాడు. తరువాత పుదీనా ఆకులు వేసిన టీ ఇచ్చారు, పాలు లేకుండా. మాంసం తిన్న ఆరు గంటల వరకు ఆ ఇంట పాలు ముట్టరు. సఫ్తా మాత్రం సహోదరి పళ్ళెంలో ఇంకొక రొట్టె వేసి, ఆమె వద్దంటున్నా వినకుండా, నిమ్మకాయ తానే పిండింది.